పంపేవాడు, వెళ్ళేవాడు: పాత బ్రిటిష్ గూఢచారి సినిమాలు ఎలా చూడాలి?

పాత బ్రిటిష్ గూఢచారి సినిమాల గురించి ఎవరినైనా అడగండి, జేమ్స్‌బాండ్ పేరు చెప్పి ఆగిపోతారు. బాండ్ తెరమీదికి రావడానికి పాతికేళ్ళకు పైగా ముందే అక్కడ ఈ కథలు మొదలయ్యాయి. అతను వచ్చిన మూడేళ్ళకే అతనికి ఎదురు జవాబుగా మరో రకం సినిమాలు వచ్చాయి. ఈ వరుస తెలియకపోవడం వల్ల మధ్యలో ఏదో ఒకటి పెట్టుకుని, నెమ్మదిగా ఉందనో, మాట అర్థం కాలేదనో అరగంటకే కట్టేసేవాళ్ళు చాలామంది. ఇంత మంచి సినిమాలు అలా చేజారిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి. ఐదు సినిమాలు, ఒక టీవీ సీరియల్. వారాంతాల్లో తీరిగ్గా చూసినా రెండు మూడు నెలల్లో అయిపోతాయి.

దారి పట్టేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. గూఢచారి కథలో ఎప్పుడూ ఇద్దరుంటారు: పంపేవాడు, వెళ్ళేవాడు. పంపేవాడు లండన్‌లో తలుపులు మూసిన గదిలో కూర్చుంటాడు. వెళ్ళేవాడికి ఆ గదిలో చెప్పింది సగం, చెప్పకుండా దాచింది సగం. మామూలు గూఢచారి సినిమాలో ప్రమాదం సరిహద్దు అవతల ఉంటుంది. బ్రిటిష్ వాళ్ళు తీసిన గొప్ప సినిమాల్లో అది ఈ ఇద్దరి మధ్యే ఉంటుంది. నన్నడిగితే వీటి ఆకర్షణకు మూలం అదే. కాబట్టి ప్రతి సినిమాలోనూ పని అప్పగించే సన్నివేశం ఎక్కడ వస్తుందో కనిపెట్టి, దాన్ని రెండుసార్లు చూడండి.

మొదటి అడుగు: తెరనీ చెవినీ సిద్ధం చేసుకోండి

1930ల సినిమా ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది. టీవీలో రెండు పక్కలా నల్లటి ఖాళీ కనిపిస్తే అలాగే ఉండనివ్వండి, సాగదీసి తెరంతా నింపొద్దు. 1965లో వచ్చిన ‘ది ఇప్‌క్రెస్ ఫైల్’ బాగా వెడల్పు ఫ్రేములో తీసిన సినిమా. దాన్ని జూమ్ చేస్తే అంచులు తెగిపోతాయి, ఆ సినిమాలో చూడాల్సింది చాలావరకు అంచుల్లోనే ఉంటుంది. కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే మోషన్ స్మూతింగ్ లాంటివి టీవీలో ఉంటే ఆపేయండి. నలుపు తెలుపు సినిమాలకు తర్వాత రంగులద్దిన కాపీలు దొరికినా వాటి జోలికి పోవద్దు.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళయినా సరే. ఈ సినిమాల్లో పాత్రలు ముఖ్యమైన మాటని గొంతు తగ్గించి, పక్కకు తిరిగి అంటాయి. సబ్‌టైటిల్ ఉంది కదా అని యాసను మాత్రం వదిలేయకండి. మన దగ్గర యాస వినగానే ఊరు తెలిసిపోతుంది, అక్కడ ఊరుతోపాటు ఏ బడిలో చదివాడో, తండ్రి ఏం పని చేసేవాడో కూడా తెలిసిపోతుంది. 1960ల్లో వెళ్ళేవాడి పాత్రలో నిలిచిపోయిన ముగ్గురు నటుల్ని చూడండి. షాన్ కానరీ ఎడిన్‌బరోలో ఒకప్పుడు ఇంటింటికీ పాలు పోసినవాడు. మైకేల్ కెయిన్ తండ్రి లండన్ చేపల మార్కెట్లో కూలీ. రిచర్డ్ బర్టన్ తండ్రి వేల్స్‌లో బొగ్గుగని కార్మికుడు. వీళ్ళకి పని అప్పగించే పాత్రలు మాత్రం ఖరీదైన బోర్డింగ్ స్కూళ్ళ ఉచ్చారణలో మాట్లాడతాయి. మాట చెవిన పడిన క్షణంలోనే ఎవరు పైన, ఎవరు కింద అనేది లండన్ ప్రేక్షకుడికి తెలిసిపోయేది. మనం కాస్త చెవి పెట్టి వినాలి, అంతే.

రెండో అడుగు: కొంచెం చరిత్ర

పావుగంట చదువు చాలు. 1909లో బ్రిటన్ సీక్రెట్ సర్వీస్ బ్యూరోని పెట్టింది. దేశంలోపల పరాయి గూఢచారుల్ని పట్టే ఎం.ఐ.5, బయటి దేశాల్లో రహస్యాలు సేకరించే ఎం.ఐ.6 దాని నుంచే వచ్చాయి. ఎం.ఐ.6 ఉనికిని చట్టం రూపంలో ఒప్పుకున్నది 1994లో. అంటే ప్రపంచమంతా తెరమీద చూసి చప్పట్లు కొట్టిన సంస్థ, మొదటి బాండ్ సినిమా వచ్చిన 32 ఏళ్ళ దాకా చట్టం లెక్కలో లేనట్టే.

1951 మేలో గై బర్జెస్, డొనాల్డ్ మెక్లీన్ అనే ఇద్దరు విదేశాంగ శాఖ అధికారులు మాయమై సోవియట్ యూనియన్ చేరుకున్నారు. 1963 జనవరిలో కిమ్ ఫిల్బీ బేరూత్ నుంచి అదృశ్యమై మాస్కోలో తేలాడు. ఎం.ఐ.6లో సోవియట్ గూఢచర్యాన్ని ఎదుర్కొనే విభాగాన్నే ఒకప్పుడు నడిపినవాడు అతను! ముగ్గురూ కేంబ్రిడ్జ్‌లో చదివి, సోవియట్‌కి రహస్యంగా పనిచేసినవాళ్ళు. ఫిల్బీ పుట్టింది 1912లో మన అంబాలాలో. తండ్రి ఐసీఎస్ అధికారి. కిప్లింగ్ నవలలో గూఢచారిగా మారే కుర్రాడి పేరే అతనికి ముద్దుపేరుగా పెట్టారు. మంచి కుటుంబం, మంచి బడి, మంచి క్లబ్బు ఉంటే చాలు, నమ్మకస్థుడే అని అనుకున్న దొరల లోకానికి ఈ దెబ్బ మామూలుది కాదు. అనుమానమంతా కింది మెట్టు మీద పెట్టి కాపలా కాస్తుంటే ఇల్లు పైనుంచి కాలింది. 1960ల సినిమాల్లో కనిపించే చేదు ఇక్కడిదే.

1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచింది. చరిత్ర ఇంతవరకు తెలిస్తే చాలు, ఇక సినిమాలకు వెళ్దాం.

మూడో అడుగు: హిచ్‌కాక్‌తో మొదలుపెట్టండి

‘ది 39 స్టెప్స్’, 1935. దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. గంటన్నర లోపే అయిపోతుంది. కెనడా నుంచి లండన్ వచ్చిన హానే అనే మామూలు మనిషి ఇంట్లో ఒక గూఢచారిణి హత్యకు గురవుతుంది. పోలీసులు అతని వెంట, హంతకులూ అతని వెంట. శవాన్ని చూసిన ఆవిడ నోరు తెరిచి కేక పెడితే మనకి వినిపించేది రైలు కూత, మరుక్షణం తెరమీద రైలు. తొంభై ఏళ్ళ కిందటి ఈ కూర్పు ఇప్పటికీ ఉలిక్కిపడేలా చేస్తుంది.

ఇందులో హానేని ఎవరూ పంపరు. వెళ్ళేవాడు మాత్రమే ఉన్నాడు, పంపేవాడు లేడు. అందుకే ఈ సినిమాకి అంత తేలికదనం, అంత పరుగు. స్కాట్లండ్‌లో ఒక పేదరైతు ఇంట్లో అతను తలదాచుకున్న రాత్రిని శ్రద్ధగా చూడండి. రైతు భార్యకీ హానేకీ మధ్య నడిచే చూపులు, కిటికీ బయటి నుంచి అనుమానంతో చూసే భర్త. ఆ కాసేపట్లోనే ఒక స్త్రీ జీవితం మొత్తం మనకి తెలిసిపోతుంది. పొరపాటున రాజకీయ సభలో వేదిక ఎక్కి, ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో తెలియకుండానే జనాన్ని ఊపేసే సన్నివేశం ఇంకొకటి.

తర్వాత హిచ్‌కాక్‌దే ‘ది లేడీ వానిషెస్’, 1938. రైల్లో ఒక ముసలావిడ మాయమవుతుంది, అసలు అలాంటి మనిషే ఎక్కలేదని అందరూ అంటారు. హాస్యం పాలు ఎక్కువ. పిల్లలతో కలిసి చూడదగ్గ సినిమా. ఇద్దరు ఇంగ్లిష్ పెద్దమనుషులకు యూరప్ ఏమైపోయినా పట్టదు, మాంచెస్టర్‌లో క్రికెట్ మ్యాచ్ ఏమైందో తెలిస్తే చాలు. నవ్వుకుంటాం. కానీ అదే ఏడాది సెప్టెంబరులో మ్యూనిక్‌లో హిట్లర్‌ని శాంతింపజేయాలని బ్రిటన్ అతనితో చేసుకున్న ఒప్పందం గుర్తు చేసుకుని, తెల్ల రుమాలు ఊపుతూ రైలు దిగే పెద్దమనిషి ఏమయ్యాడో చూడండి. మ్యూనిక్‌కి ముందే తీసిన సినిమా ఇది.

నాలుగో అడుగు: బాండ్‌ని మొదటి సినిమాలోనే చూడండి

‘డాక్టర్ నో’ 1962 అక్టోబరు 5న లండన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. తర్వాతి బాండ్ సినిమాల హంగు ఇందులో తక్కువ. మనకి అదే మేలు, ఎముకలు స్పష్టంగా కనిపిస్తాయి.

పని అప్పగించే గది ఇందులో రెండుసార్లు వస్తుంది. మొదటిది బాండ్ పై అధికారి ‘ఎం’ గది: చెక్క, తోలు, పైపు పొగ. బాండ్ అలవాటుపడిన బెరెట్టా తుపాకీని ఎం లాగేసుకుని వేరేది ఇప్పిస్తాడు. పాతది చాటుగా పట్టుకుపోబోతే గుమ్మం దాటకముందే పట్టుకుంటాడు. అంత వీరుడికీ చేతిలో తుపాకీ ఏదో నిర్ణయించుకునే హక్కు లేదు.

రెండో గది విలన్‌ది. దాదాపు ఖాళీ గది, పైకప్పులో గుండ్రటి కంత, దానికి ఊచలు, నేలమీద వాటి నీడ. ఒక కుర్చీ. వినిపించేది గొంతు మాత్రమే, పంపేవాడి ముఖం కనపడదు. వెళ్ళేవాడు వణుకుతూ సాలీడున్న పెట్టె అందుకుంటాడు. ఈ సెట్ వేసిన కెన్ ఆడమ్ బెర్లిన్‌లో పుట్టి, నాజీల బాధ పడలేక కుటుంబంతో ఇంగ్లండ్ చేరి, యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసినవాడు. అధికారం గదిని ఎలా వాడుకుంటుందో అతనికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. విలన్ స్థావరంలో బాండ్ ఒక చిత్రపటం ముందు ఆగి చూస్తాడు: 1961లో లండన్ నేషనల్ గ్యాలరీ నుంచి నిజంగానే దొంగతనానికి గురైన గోయా చిత్రం. ఆనాటి ప్రేక్షకులకు అది పేపర్లో చదివిన వార్త.

మనం చూసీచూడనట్టు పోకూడనిది ఇంకొకటుంది. జమైకాలో బాండ్‌కి తోడొచ్చే క్వారెల్ అనే నల్లజాతి పడవవాడు. అతనితో బాండ్ బూట్లు తెమ్మంటాడు. ఇక్కడ బాండే పంపేవాడు, క్వారెల్ వెళ్ళేవాడు. ఆ తేడాకి మూల్యం చెల్లించేది ఎవరో సినిమా చెబుతుంది, కానీ ఎక్కువసేపు బాధపడదు. జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962 ఆగస్టు 6న, సినిమా విడుదలకి దాదాపు రెండు నెలల ముందు. వలస పాలన చూసిన దేశం నుంచి వచ్చిన మన కంటికి ఇది కనపడి తీరాలి. అంతమాత్రాన సినిమాని పక్కన పెట్టమని అనను, చూస్తూ గుర్తించమనే అంటాను.

తెలుగు తెరకి ఈ గాలి త్వరగానే తగిలింది. 1966లో కృష్ణ కథానాయకుడిగా ‘గూఢచారి 116’ వచ్చింది, ఆయనకి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అన్న పేరు స్థిరపడింది. మనవాళ్ళు తీసుకున్నది బాండ్‌లోని వేగం, సాహసం, సొగసు. ఇకమీద మనం చూడబోయేవి మన తెర మీదికి పెద్దగా రాని సరుకు.

ఐదో అడుగు: ‘ది ఇప్‌క్రెస్ ఫైల్’ దగ్గర ఆగండి

ఒకే ఒక్క సినిమా చూసే తీరిక ఉందంటే ఇది చూడమంటాను.

1965. బాండ్ నిర్మాతల్లో ఒకడైన హ్యారీ సాల్ట్జ్‌మన్ తీశాడు. సెట్లు కెన్ ఆడమ్, సంగీతం జాన్ బ్యారీ, కూర్పు పీటర్ హంట్. అంటే బాండ్‌ని కట్టిన చేతులే బాండ్‌కి విరుగుడు తయారుచేశాయి. లెన్ డైటన్ నవలలో కథానాయకుడికి పేరు లేదు, సినిమా వాళ్ళు హ్యారీ పామర్ అని పెట్టారు. ఆ వేషం మైకేల్ కెయిన్‌ది.

టైటిల్స్ వస్తుండగా పామర్ నిద్ర లేస్తాడు. అలారం మోగుతుంది. కళ్ళద్దాలు లేకపోతే గది మసక. కాఫీ గింజలు తనే మర పట్టుకుంటాడు. తుపాకీని వెతుక్కోవడం కన్నా కాఫీకే ఎక్కువ సమయం పడుతుంది. పొద్దున లేచి డ్యూటీకి వెళ్ళే మనిషి! ఇంటికొచ్చిన అమ్మాయికి ఆమ్లెట్ వేసిపెడతాడు. గుడ్లు పగలగొట్టే ఆ చేతులు నవలా రచయిత డైటన్‌వి. పేపర్లో వంటల బొమ్మల శీర్షిక నడిపిన రచయిత ఆయన, ఆ శీర్షిక ముక్కలు పామర్ వంటగది గోడమీద కనిపిస్తాయి.

ఇప్పుడు గది. పై అధికారి కల్నల్ రాస్ కుర్చీలో, పామర్ నిలబడి. సైన్యంలో ఉండగా బెర్లిన్‌లో చేసిన దొంగవ్యాపారానికి జైలుకి పోవాల్సినవాడు పామర్. జైలా, ఈ ఉద్యోగమా అని అడిగి తెచ్చుకున్నారు. అతని ఫైలులోని చెడ్డమాటలన్నీ రాస్ చదివి వినిపిస్తే పామర్ తొణకడు. చివర్లో ‘సర్’ అనే మాటని ఎంత ఆలస్యంగా, ఎంత బరువు లేకుండా అంటాడో వినండి. కెయిన్ నటన అంతా ఆ ఒక్క మాటలో ఉంది. కొత్త పోస్టు వస్తే అతని మొదటి ప్రశ్న జీతం పెరుగుతుందా అని. దేశభక్తి ప్రసంగాలు లేవు. రోజూ నింపాల్సిన ఫారాలున్నాయి, నిఘా వేసినన్ని గంటలూ రిపోర్టు రాయాలి. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసినవాళ్ళకి ఈ సినిమా ఇంకో మెట్టు ఎక్కువ రుచిస్తుంది.

సూపర్‌మార్కెట్ సన్నివేశం వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టండి. రాస్, పామర్ చెరో బండి తోసుకుంటూ రాజ్య రహస్యాలు మాట్లాడుకుంటారు. మధ్యలో రాస్ కన్ను పామర్ కొన్న పుట్టగొడుగుల డబ్బా మీద పడుతుంది. ఫ్రెంచ్ పేరున్న డబ్బాకి ఎందుకు ఎక్కువ పెట్టావని అతని విసుగు, రుచి వేరని పామర్ జవాబు. కూలివాడి కొడుక్కి దొరకన్నా మంచి నాలుక ఉండటాన్ని దొర సహించలేడు. ఆనాటి బ్రిటన్‌లో మారుతున్నదేమిటో ఈ రెండు నిమిషాలు చెప్పినంత బాగా చరిత్ర పుస్తకం చెప్పదు.

రెండోసారి చూసేటప్పుడు కథ వదిలేసి కెమెరానే చూడండి. దర్శకుడు సిడ్నీ ఫ్యూరీ, ఛాయాగ్రాహకుడు ఆటో హెలర్ మనల్ని ఎప్పుడూ చాటు నుంచే చూడనిస్తారు: దీపం గుడ్డ పక్క నుంచి, ఎవరిదో భుజం మీదుగా, తలుపు సందులోంచి. ఆల్బర్ట్ హాల్ మెట్ల మీది కొట్లాట మొత్తం టెలిఫోన్ పెట్టె అద్దాల్లోంచే కనిపిస్తుంది, దెబ్బల చప్పుడు కూడా వినపడదు. గూఢచారి మీద నిఘా వేసిన మరో గూఢచారిగా ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టడం ఇది.

ఆరో అడుగు: చలికి సిద్ధపడి ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’

ఇదీ 1965దే, కానీ నలుపు తెలుపు. పగటిపూట చూడకండి. లైట్లు ఆర్పి, రాత్రి, ఒకే విడతలో చూడండి.

మూలం 1963లో వచ్చిన జాన్ లె కారే నవల. ఆయన అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. ఎం.ఐ.5లోనూ ఎం.ఐ.6లోనూ పనిచేసినవాడు. దర్శకుడు మార్టిన్ రిట్ అమెరికన్ అయినా కథ, కథానాయకుడు, చలి అన్నీ బ్రిటన్‌వే. బెర్లిన్ చెక్‌పోస్టు సెట్ డబ్లిన్‌లో వేశారు. మొదటి సన్నివేశంలో లీమస్ అనే బ్రిటిష్ గూఢచారి (రిచర్డ్ బర్టన్) తన ఏజెంటు కోసం సరిహద్దు దగ్గర కాచుకుని ఉంటాడు. ఏం జరిగిందో చెప్పను. బర్టన్ ముఖం చూడండి చాలు.

తర్వాత లండన్ గది. కంట్రోల్ అనే పై అధికారి మెత్తటి గొంతుతో లీమస్‌కి నచ్చజెబుతాడు: మనం మంచివాళ్ళం కాబట్టి మన పద్ధతులు ఎదుటివాళ్ళకన్నా మెత్తగా ఉండాలనేం లేదు కదా అని. ఇంత భయంకరమైన మాట ఇంత మర్యాదగా అనడం చూసి నాకు ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ తర్వాత లీమస్ తాగుబోతుగా, డబ్బులేనివాడిగా దిగజారతాడు. శత్రువు అతన్ని కొనడానికి రావాలి, దానికోసం వేసిన వేషం. వేషం ఎక్కడ ఆగింది, మనిషి ఎక్కడ మొదలయ్యాడు అన్నది గమనిస్తూ ఉండండి. ఈ దశలో లీమస్ చేతిలో దెబ్బలు తినే కిరాణాకొట్టు యజమానిని గుర్తుపట్టారా? బెర్నార్డ్ లీ. బాండ్ సినిమాల్లో ఎం వేషం వేసిన నటుడే! నాలుగో అడుగు దాటి వచ్చినవాళ్ళకి ఆ దెబ్బ ఇంకోలా వినిపిస్తుంది.

మధ్యలో విచారణ సన్నివేశాలు పొడుగ్గా ఉంటాయి. ఎవరు ఎవరి మనిషి అన్నది తికమకగా ఉంటే వెనక్కి తిప్పకండి. లీమస్‌కి కూడా అప్పటికి తెలియదు. అతనికి తెలిసినప్పుడే మనకీ తెలియాలి, సినిమా అలా కట్టారు.

ఏడో అడుగు: ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’, 1979

బీబీసీ సీరియల్, ఏడు భాగాలు. రోజుకి ఒకటి మించొద్దు. ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి: స్మైలీ, ఆలలైన్, హేడన్, బ్లాండ్, ఎస్టర్‌హేజ్, ప్రిడో. సర్కస్ అంటే గూఢచార సంస్థ, దాని ఆఫీసు ఉన్న కేంబ్రిడ్జ్ సర్కస్ కూడలి పేరు మీదుగా వచ్చింది. మోల్ అంటే సంస్థ లోపలే ఉండి శత్రువుకి పనిచేసేవాడు. ఈ రెండూ తెలిస్తే మిగతా పరిభాష నడుస్తుండగా తెలిసిపోతుంది.

మొదటి భాగం మొదటి సన్నివేశంలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వచ్చి కూర్చుంటారు. మాటల్లేవు. ఒకడికి పైపు, ఒకడికి సిగరెట్, ఒకడి చేతిలో కాగితాలు, ఒకడి టీకప్పు మీద మూతలా సాసర్. సర్కస్‌ని నడిపే పెద్దలు వీళ్ళు, ద్రోహిని వెతకాల్సిందీ వీళ్ళ మధ్యే. ఇప్పటిదాకా మనం గుమ్మం దగ్గర నిలబడి చూసిన పంపేవాళ్ళ గది ఇది, ఇప్పుడు పూర్తిగా లోపలికి వచ్చాం.

ఆ ద్రోహిని వెతికే స్మైలీగా అలెక్ గిన్నిస్ చేసేది చాలా తక్కువ. వింటాడు, అంతే. వింటున్నప్పుడు కళ్ళద్దాల వెనక ఏం కదులుతుందో చూడండి. ఈ పాత్ర కోసం ఆయన ఎం.ఐ.6 మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌ని కలిసి మనిషిని పరిశీలించాడు.

ఢిల్లీ జైలు సన్నివేశం మన దగ్గర జరిగేది. సోవియట్ గూఢచారి కార్లాకి ఎదురుగా కూర్చుని స్మైలీ అతన్ని తమవైపు రమ్మని బతిమాలతాడు. తిరిగి మాస్కో వెళ్తే చంపేస్తారని అంటాడు. కార్లాగా పాట్రిక్ స్టీవర్ట్ ఒక్క మాట కూడా మాట్లాడడు. వెళ్తూ వెళ్తూ స్మైలీకి భార్య ఇచ్చిన సిగరెట్ లైటర్ తీసుకుపోతాడు. తననీ ఎవరో పంపారు, ఇతన్నీ ఎవరో పంపారు, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

సీరియల్ అక్టోబరులో ముగిసింది. నవంబరులో ప్రధాని మార్గరెట్ థాచర్ పార్లమెంటులో ఆంథొనీ బ్లంట్ పేరు బయటపెట్టింది. రాణిగారి చిత్రాల సంరక్షకుడు, సర్ బిరుదున్నవాడు, కేంబ్రిడ్జ్ ముఠాలో నాలుగోవాడు.

ఇంకా చూడాలనిపిస్తే

‘ది క్విలర్ మెమొరాండమ్’, 1966, హెరాల్డ్ పింటర్ రాసిన స్క్రిప్టు. ఇందులో గిన్నిస్ పంపేవాడు. రెండు మఫిన్లు బల్లమీద పెట్టి ఒకటి మనం, ఒకటి వాళ్ళు అని చెప్పి, మధ్య సందులో ఎండుద్రాక్ష పెట్టి అది నువ్వు అంటాడు. ఆ తర్వాత సిడ్నీ లుమెట్ తీసిన ‘ది డెడ్లీ అఫెయిర్’. స్మైలీ మీద ఇష్టం కలిగితే 1982 నాటి ‘స్మైలీస్ పీపుల్’, ఆరు భాగాలు. ఢిల్లీ లైటర్ సంగతి గుర్తుండగానే చూడండి, అది అందులో మళ్ళీ వస్తుంది. ‘టింకర్ టైలర్’ కథతో 2011లో వచ్చిన సినిమా కూడా బాగుంటుంది. ద్రోహి ఎవరో అందులోనే తెలిసిపోతుంది కాబట్టి సీరియల్ పూర్తయ్యేదాకా దాన్ని పెట్టుకోవద్దు.